గుల్కండ్ ఐస్‌క్రీమ్ : పోషక విలువ, ఆహారానుకూలత

పూల సువాసన గల ఐస్‌క్రీమ్‌లలో గుల్కండ్‌తో తయారైనది మన దేశంలో విశేష ఆదరణ పొందింది. గులాబీ రేకులు చేరినందున ఇది చలువ చేస్తుందని, ఆరోగ్యకరమని ప్రచారంలో ఉంది. పువ్వు చేరినంత మాత్రాన పోషక విలువ పెరుగుతుందా, దీనిని ఎవరు ఎంత మేరకు భుజించవచ్చు అనే అంశాలు ఈ వ్యాసంలో వివరించబడ్డాయి.

సంఘటనం, ప్రమాణాలు

భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ నిబంధనల ప్రకారం ఐస్‌క్రీమ్‌లో కనీసం 10 శాతం పాలకొవ్వు, 3.5 శాతం పాల మాంసకృత్తులు, 36 శాతం మొత్తం ఘనపదార్థాలు ఉండాలి. లీటరు ఐస్‌క్రీమ్ కనీసం 525 గ్రాములు తూగాలి. పాలకొవ్వుకు బదులు వృక్షసంబంధ కొవ్వు వాడిన ఉత్పత్తిని ఫ్రోజెన్ డెజర్ట్‌గా పేర్కొనాలి.

గుల్కండ్ తయారీకి సువాసన గల గులాబీ రేకులను, చక్కెరను సాధారణంగా సమాన తూకంలో కలిపి మాగబెడతారు. రాజస్థాన్‌లోని పుష్కర్ ప్రాంతం ఇందుకు ప్రసిద్ధి. ఉదాహరణకు 15 శాతం చక్కెర గల 90 గ్రాముల పాల మిశ్రమానికి 10 గ్రాముల గుల్కండ్ చేర్చినచో, మిశ్రమం నుండి 13.5 గ్రాములు, గుల్కండ్ నుండి కనీసం 5 గ్రాములు, వెరసి 18.5 గ్రాముల చక్కెర చేరుతుంది. అదే సమయంలో పాలకొవ్వు శాతం పలచబడుతుంది. తుది ఉత్పత్తిలో 10 శాతం నిలవాలంటే పాల మిశ్రమంలో దాదాపు 11.1 శాతం కొవ్వు ఉండాలి.

పోషక విలువ

పై పాళ్లలో తయారైన 100 గ్రాముల ఐస్‌క్రీమ్ సుమారు 200 కిలో కేలరీల శక్తినిస్తుంది. ఇందులో దాదాపు సగం కొవ్వు నుండి, తక్కినదానిలో అధిక భాగం చక్కెరల నుండి లభిస్తుంది. మాంసకృత్తులు, కాల్షియం పాల నుండి వచ్చినవే. 50 గ్రాముల కప్పులో చేరే గులాబీ రేకులు సుమారు 2.5 గ్రాములు మాత్రమే. ఇంత స్వల్ప పరిమాణం నుండి లభించే పీచు, విటమిన్లు పరిగణింపదగినవి కావు. పువ్వు సువాసననిస్తుందే గాని పోషణనివ్వదు.

రంగు కూడా నమ్మదగిన సూచిక కాదు. గులాబీలోని ఆంథోసయనిన్లు ఆమ్ల మాధ్యమంలోనే ఎర్రగా నిలుస్తాయి. పాల మిశ్రమం దాదాపు తటస్థంగా ఉండుటచే వాటి రంగు వెలిసిపోతుంది. కావున ముదురు గులాబీ వర్ణం సాధారణంగా చేర్చిన రంగు వల్ల ఏర్పడినదే.

ఆహారానుకూలత

చేర్చిన చక్కెరలు మొత్తం శక్తిలో 10 శాతం లోపు, వీలైతే 5 శాతం లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. రోజుకు 2000 కిలో కేలరీలు తీసుకునేవారికి 5 శాతమనగా 25 గ్రాములు. 50 గ్రాముల కప్పు ఒక్కటే ఇందులో మూడవ వంతుకు మించి ఆక్రమిస్తుంది. మధుమేహం ఉన్నవారు గుల్కండ్‌లోని చక్కెరను కూడా లెక్కలోనికి తీసుకోవాలి. ఇదే కప్పులో లాక్టోజ్ సుమారు 3 గ్రాములు ఉండుటచే లాక్టోజ్ సరిగా జీర్ణం కానివారిలో చాలామంది దీనిని తట్టుకోగలరు. పాల మాంసకృత్తుల అలర్జీ గలవారు పూర్తిగా వర్జించాలి. పిల్లలకు ఇది పాలకు ప్రత్యామ్నాయం కాదు. 200 మిల్లీలీటర్ల పాలలో సుమారు 240 మిల్లీగ్రాముల కాల్షియం ఉండగా, ఈ కప్పులో లభించేది 60 మిల్లీగ్రాములే.

తయారీదారులకు సూచనలు

* పాల మిశ్రమంలోని చక్కెరను 13.5 నుండి 10 గ్రాములకు తగ్గించినచో తుది ఉత్పత్తిలో చక్కెర 15 శాతానికి పరిమితమవుతుంది. తగ్గిన ఘనపదార్థాలను వెన్న తీసిన పాలపొడితో భర్తీ చేయవచ్చు. అది మితిమీరితే లాక్టోజ్ స్ఫటికాలేర్పడి తినునపుడు ఇసుక తగిలినట్లుంటుంది.
* దండలకు, అలంకరణకు పెంచిన పూలను వాడరాదు. వాటిలో సస్యరక్షణ మందుల అవశేషాలుండవచ్చు. ఆహారం నిమిత్తం పెంచిన పూలనే ఎంచుకోవాలి.
* గుల్కండ్‌ను పాశ్చరీకరణ తరువాత కలిపే పక్షంలో దాని పరిశుభ్రతపై ప్రత్యేక శ్రద్ధ వహించాలి.

ముగింపు

గుల్కండ్ ఐస్‌క్రీమ్ రుచికరమైన పాల ఉత్పత్తి. ఔషధం గాని, నిత్యాహారం గాని కాదు. విస్తరణ శాస్త్రవేత్తలు పూల విలువ జోడింపును ప్రోత్సహించునపుడు సువాసనను, నాణ్యతను ప్రచారం చేయాలే తప్ప ఆధారం లేని ఆరోగ్య ప్రయోజనాలను కాదు. సాగుదారుల ఆదాయం, వినియోగదారుల విశ్వాసం రెండూ నిలిచేది అప్పుడే.