వలస కూలీల బిడ్డలు – మన బడి

తుంగభద్ర కాలువల క్రిందను, బళ్ళారి, రాయచూరు జిల్లాల నల్లరేగడి భూములలోను ప్రత్తి, మిరప చేతికి వచ్చు కాలమున, కర్నూలు జిల్లా పడమటి మండలములనుండి తెలుగు కూలీలు ముఠాలుగా వత్తురు. దీపావళి మొదలు ఉగాది వరకు పొలము గట్లపై వారి గుడారములు కనబడును. వెంట వచ్చిన బిడ్డల పేర్లు స్వగ్రామపు హాజరుపట్టీలో ఉండును. ఇచ్చట ఏ పట్టీలోను ఉండవు.

ఈ బిడ్డలు బడిని వెదకికొని రారు. బడియే వారిని వెదకవలెను. పగటివేళ గుడారమునకు పోయిన ప్రయోజనము లేదు. ప్రొద్దు గ్రుంకిన పిదప గాని, సంతనాడు గాని పోవలెను. ఎన్ని కుటుంబములు వచ్చినవో ముఠామేస్త్రికి తెలియును. "మీ పిల్లలు చదువుచున్నారా?" యని అడిగినచో తల్లిదండ్రులు సంకోచింతురు. "ఏ ఊరి బడిలో, ఏ తరగతిలో ఉండెను?" అని అడుగవలెను. చంకలో తమ్ముని మోయుచున్న ఆడబిడ్డను విడువరాదు. చంటివానికి అంగన్‌వాడీలో చోటు చూపినగాని ఆమె బడికి రాజాలదు.

2009 విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. 6 మొదలు 14 ఏండ్ల వరకు గల వలస బిడ్డలను బడిలో చేర్చుట స్థానిక ప్రభుత్వ సంస్థల విధియని 9వ సెక్షను చెప్పుచున్నది. టి.సి. ఆలస్యమైనదని గాని, వయస్సునకు రుజువు లేదని గాని, నడుమ వచ్చిరని గాని ప్రవేశము నిరాకరింపరాదు.

అయితే అల్పసంఖ్యాకుల విద్యాసంస్థలకు ఈ చట్టము వర్తింపదని 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కావున చట్టము మనలను నిర్బంధింపదని కొందరు తలపవచ్చును. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కల్పింపవలెనని చెప్పు 350-ఎ అధికరణము 1956లో రాజ్యాంగమున చేరినది. దాని అండ కోరి మన బడిని నిలుపుకొనుచున్న మనము, తెలుగు వాచకము చేతబట్టి వచ్చిన బిడ్డకు తలుపు మూయుట న్యాయమా? మూడవ తరగతి వరకు తెలుగు చదివిన బాలుని కన్నడ తరగతిలో కూర్చుండబెట్టినచో, పలకపై వ్రాసినది చదువలేక కొలది దినములలోనే గుడారమునకు మరలును.

మూడు నెలలలో పోవు పిల్లలవలన తరగతి సాగదని మరికొందరి శంక. ఆ మూడు నెలలు పోయిన బిడ్డ, ఊరు చేరిన పిదప పై తరగతి పాఠము అందుకొనజాలక చదువే మానును. వారు మరలిపోవునపుడు హాజరైన దినములు, ముగిసిన పాఠములు ఒక కాగితముపై వ్రాసి తల్లిచేతికిచ్చి, ఆ ఊరి ప్రధానోపాధ్యాయునకు జాబు వ్రాయుట మా పని.

మీలో పలువురు రైతులు. ఆ ముఠాలను పిలిపించువారు మీరే. కూలీలు దిగిన నాడే బడికి కబురు పంపుడు. బిడ్డలను కోతకు పెట్టకుడు. మీ పిల్లల ప్రక్కన వారికి చోటు ఇప్పింపుడని మనవి చేయుచున్నాము.