తీరిక

పాఠ్యభాగ ఉద్దేశం

మానవ జీవితంలో శ్రమకు ఎంత విలువ ఉన్నదో విశ్రాంతికీ అంత విలువ ఉంది. అయితే ఒకరు అనుభవించే విశ్రాంతి వెనుక తరచుగా మరొకరి శ్రమ దాగి ఉంటుంది. ఆ శ్రమను గుర్తించి, పంచుకునే సంస్కారాన్ని విద్యార్థులలో పెంపొందించడమే ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠం

తెనాలిలో చరిత్ర బోధించి పదవీ విరమణ చేసిన ఒక ఉపన్యాసకునికీ, ఆయన ఇల్లాలికీ 2018 డిసెంబరులో వివాహమై నలభై సంవత్సరాలు నిండాయి. అప్పుడు వారు అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో, టాంపా నగరంలో ఉంటున్న కుమారుని ఇంట ఉన్నారు. తల్లిదండ్రులకు కానుకగా కుమారుడు ఓర్లాండో సమీపంలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో మూడు రోజుల విడిది ఏర్పాటు చేశాడు. "అమ్మా! ఈ మూడు రోజులూ నువ్వు ఏ పనీ చేయకూడదు" అని మరీ మరీ చెప్పి, వారిని అక్కడ దింపి వెళ్లాడు.

ధనుర్మాసం ప్రవేశించిన రోజులవి. అయినా ఫ్లోరిడాలో మంచు కురవడం చాలా అరుదు. అక్కడి శీతాకాలపు ఉదయం మన కార్తీకమాసపు వేకువను తలపిస్తుంది. మొదటి రోజు అలవాటు ప్రకారం ఆమెకు నాలుగు గంటలకే మెలకువ వచ్చింది. కళ్లాపి చల్లడానికి వాకిలి లేదు. ముగ్గు పెట్టడానికి చోటు లేదు. కాచడానికి పాలు లేవు. చేతులను ఏం చేసుకోవాలో తోచక, ఆమె పక్క దుప్పట్లను మడతపెట్టసాగింది.

మాస్టారు మేలుకొని నవ్వారు. "ఆ పని చేయడానికి ఇక్కడ మనుషులు ఉన్నారు. వచ్చి సర్దుతారు."

"ఆ వచ్చేదీ మరొక ఆడమనిషే కదండీ!" అన్నదామె.

మాస్టారికి వెంటనే సమాధానం దొరకలేదు.

తొమ్మిది గంటలకు వారు 'మ్యాజిక్ కింగ్‌డమ్' అనే వినోద వనంలో అడుగుపెట్టారు. క్రిస్మస్ పండుగ సమీపించినందున వీధి పొడవునా పచ్చని తోరణాలు, దీపాలు అలంకరించి ఉన్నాయి. వీధి చివర సిండ్రెల్లా కోట ఆకాశాన్ని అంటుతున్నట్లు కనిపించింది. ఆ కోట ఎత్తు 189 అడుగులు మాత్రమే. పైకి వెళ్లేకొద్దీ కిటికీలను, రాళ్ల ఆకారాలను చిన్నవి చేస్తూ నిర్మించడం వల్ల అది అంతకంటె ఎత్తుగా భ్రమింపజేస్తుంది. మాస్టారు ముందే పుస్తకాలు చదివి వచ్చారు. చరిత్ర చెప్పడం ఆయనకు ఊపిరి తీసుకోవడం వంటిది.

వాల్ట్ డిస్నీ తన కుమార్తెలను లాస్ ఏంజెలిస్‌లోని గ్రిఫిత్ పార్కుకు తీసుకొని వెళ్లేవాడట. పిల్లలు రంగులరాట్నం ఎక్కి తిరుగుతుంటే, తాను పక్కనే ఒక బల్లపై కూర్చొని చూసేవాడు. పిల్లలూ పెద్దలూ కలిసి ఆనందించే చోటు ఒకటి ఉంటే బాగుండునన్న ఆలోచన ఆ బల్లమీదనే మొలకెత్తిందని ఆయన తరువాతి కాలంలో చెప్పుకున్నాడు. ఆ ఆలోచన ఫలించి 1955 జులై 17న కాలిఫోర్నియా రాష్ట్రంలోని అనహైమ్‌లో డిస్నీలాండ్ ప్రారంభమైంది. ఆ తరువాత ఫ్లోరిడాలో సుమారు 27 వేల ఎకరాల చిత్తడి నేలలను, అడవులను కొన్నారు. కాని అక్కడి నిర్మాణాన్ని చూడకుండానే 1966 డిసెంబరు 15న వాల్ట్ డిస్నీ కన్నుమూశాడు. విశ్రాంతి తీసుకోవలసిన వయసులో ఆయన అన్న రాయ్ డిస్నీ ఆ భారాన్ని తలకెత్తుకున్నాడు. 1971 అక్టోబరు 1న ఈ వనాన్ని ప్రారంభించి, తమ్ముని పూర్తి పేరు దానికి శాశ్వతంగా నిలిచేటట్లు చేశాడు. అదే సంవత్సరం డిసెంబరులో ఆయన కూడా మరణించాడు.

"ఇంతమంది తిరుగుతున్నా ఎక్కడా చెత్త కనిపించదేమండీ? మోసుకొనిపోయే వాళ్లు కూడా కనిపించరు" అని ఆమె అడిగింది.

"మనం నిలబడ్డది నేలమీద అనుకుంటున్నావు. నిజానికి ఇది పై అంతస్తు" అని మాస్టారు వివరించారు. ఫ్లోరిడాలో కొద్ది లోతులోనే నీరు పడుతుంది. అందువల్ల భూమిని తొలచడానికి బదులు నేల మట్టంలోనే సొరంగ మార్గాలను నిర్మించారు. సమీపంలో సరస్సు కోసం తవ్విన మట్టితో వాటిని కప్పి, ఆ పైన వనాన్ని తీర్చిదిద్దారు. పనివారు ఆ మార్గాల గుండానే రాకపోకలు సాగిస్తారు. చెత్తను సైతం గొట్టాల ద్వారా గాలి వేగంతో లాగివేసే ఏర్పాటు అక్కడ ఉంది.

ఆమె ఒక్క క్షణం కాళ్ల కింది బాటను చూసింది. "అయితే మన వంటిల్లు వంటిదన్నమాట! చుట్టాలు ముందుగదిలో కూర్చొని కబుర్లు చెప్పుకుంటారు. లోపల ఎవరున్నారో వాళ్లకు కనిపించదు" అన్నది. ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉన్న విషయాన్ని ఉన్నట్లు చెప్పడమే ఉంది. అందుకే కాబోలు, అది మాస్టారి మనసులో సూటిగా నాటుకున్నది.

మధ్యాహ్నం వారు 'కరౌసెల్ ఆఫ్ ప్రోగ్రెస్' అనే ప్రదర్శనకు వెళ్లారు. 1964లో న్యూయార్కులో ప్రారంభమైన ప్రపంచ ప్రదర్శన కోసం వాల్ట్ డిస్నీ దీనిని రూపొందించాడు. 1975లో ఇది ఫ్లోరిడాకు చేరింది. ఇక్కడ రంగస్థలాలు కదలవు. ప్రేక్షకులు కూర్చున్న ఆసనాల వరుసలే ఒక రంగం నుంచి మరొక రంగానికి గుండ్రంగా తిరుగుతాయి. కదిలే, మాట్లాడే బొమ్మలు ఒక కుటుంబం కథను చూపుతాయి. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభం నుంచి ఇంటిలోకి విద్యుద్దీపాలు, బట్టలు ఉతికే యంత్రాలు, వంట పరికరాలు ఒక్కొక్కటిగా ఎలా వచ్చాయో ఆ రంగాలలో తెలుస్తుంది.

భాష పూర్తిగా అర్థం కాకపోయినా ఆమె కన్నార్పకుండా చూసింది. కట్టెల పొయ్యి, కిరసనాయిలు పొయ్యి, గ్యాసు పొయ్యి, తన నలభై ఏళ్లూ ఆమె కళ్లముందు తిరిగాయి. చివరి రంగం క్రిస్మస్ పండుగ రోజు. మాట వినే పొయ్యిని ఇల్లాలు సిద్ధం చేస్తే, వంట బాధ్యత ఇంటి యజమానిది. ఆటలో వచ్చిన అంకెలను పైకి చదువుతుంటే పొయ్యి వాటిని తనకిచ్చిన ఆజ్ఞలనుకొని వేడిని పెంచుతుంది. పండుగకు వండుతున్న టర్కీ కోడి కాస్తా మాడిపోతుంది. ప్రేక్షకులందరికంటె బిగ్గరగా నవ్వినది ఆమే.

బయటికి వచ్చిన తరువాత ఆమె నెమ్మదిగా అన్నది: "యంత్రాలు ఎన్ని మారాయో చూశారా? అన్ని రంగాల్లోనూ ఆయన హాయిగా కూర్చొని కథ చెబుతూనే ఉన్నాడు. వంటకు పూనుకోవడానికి ఆయనకు ఇన్నేళ్లు పట్టింది."

మాస్టారు నవ్వబోయి ఆగిపోయారు. ఇంట్లో మిక్సీ వచ్చినప్పుడు, బట్టల యంత్రం వచ్చినప్పుడు 'ఇక నీకు తీరికే తీరిక' అని తాను అన్న మాటలు ఆయనకు గుర్తుకు వచ్చాయి. యంత్రం పనిని సులువు చేసింది. కాని పని ఎవరిదన్న ప్రశ్నను అది తాకనైనా తాకలేదు. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పవలసినది మనిషే.

సాయంకాలానికి వారు రంగులరాట్నం దగ్గరకు చేరారు. 1917లో ఫిలడెల్ఫియాకు చెందిన సంస్థ తయారుచేసిన రాట్నమది. న్యూజెర్సీలోని ఒక వినోద వనంలో చాలాకాలం తిరిగి, పాతబడిన తరువాత డిస్నీ సంస్థవారి చేతులలో కొత్త రంగులు పూసుకొని ఇక్కడికి వచ్చింది. కొయ్య గుర్రాలపై పిల్లలతో పాటు తలనెరసిన వారు కూడా తిరుగుతున్నారు.

"మన ఊరి తిరునాళ్లలో పిల్లలను ఎక్కించేదాన్ని" అన్నదామె.

"నువ్వూ ఎక్కేదానివా?"

"నేనెలా ఎక్కుతానండీ? పిల్లల చెప్పులు, సంచీ, మంచినీళ్ల సీసా పట్టుకొని కింద నిలబడేదాన్ని."

"మరి నేనెక్కడ ఉండేవాణ్ణి?"

"స్నేహితులతో మాట్లాడుతూ ఉండేవారు" అని ఆమె నవ్వింది.

రాట్నం ఆగింది. మాస్టారు చేయి చాచి ఆమె భుజం మీది సంచీని అందుకున్నారు. "ఇది నేను పట్టుకుంటాను. నువ్వు వెళ్లి ఎక్కు" అన్నారు.

ఆమె మొదట సిగ్గుపడింది. చుట్టూ చూసింది. పైటకొంగు నడుముకు దోపుకొని, మెల్లగా వెళ్లి ఎక్కింది. సంగీతం మొదలైంది. దీపాల వెలుగులో రాట్నం తిరిగినంతసేపూ మాస్టారు సంచీతో కిందనే నిలబడ్డారు. ప్రతి చుట్టుకూ ఆమె ముఖం కనబడి మరుగవుతున్నది. నలభై ఏళ్లుగా తాను చూస్తున్న ముఖమే అది. కాని అందులో అంత తీరికను ఆయన అంతకు ముందు ఎన్నడూ చూడలేదు.

సంక్రాంతికి వారం ముందు వారు తెనాలికి తిరిగివచ్చారు. మరునాటి తెల్లవారుజామున ఆమె కళ్లు తెరిచేసరికి వంటింట్లో దీపం వెలుగుతున్నది. వెళ్లి చూస్తే పాలు పొంగి పొయ్యి మీదికి, గట్టు మీదికి ప్రవహించాయి. మాస్టారు గిన్నెను చేత పట్టుకొని అపరాధిలా నిలబడి ఉన్నారు.

"సంక్రాంతి మన ఇంటికి ముందే వచ్చిందండీ!" అంటూ ఆమె తుడవడానికి గుడ్డ కోసం వెతికింది.

"గుడ్డ నా దగ్గరే ఉంది. నువ్వు కూర్చో" అన్నారాయన.

ఆమె పీట వాల్చుకొని కూర్చున్నది.

ప్రశ్నలు

1. వినోద వనంలోని సొరంగ మార్గాలను ఆమె వంటింటితో ఎందుకు పోల్చింది?
2. "యంత్రం పనిని సులువు చేసింది. కాని పని ఎవరిదన్న ప్రశ్నను అది తాకనైనా తాకలేదు." ఈ వాక్యాలను సందర్భసహితంగా వివరించండి.
3. మీ ఇంటిలో ఒక రోజు జరిగే పనులను, వాటిని చేసేవారిని పట్టికగా రాయండి. వాటిలో మీరు పంచుకోగల పనులేవో తెలపండి.