వదులుకుంటూ నేర్చుకునే చెవి



పసిబిడ్డకు మన మాటలన్నీ కలగాపులగంగా వినపడతాయేమో, నెలలు గడిచేకొద్దీ ఒక్కొక్క ధ్వనినీ విడదీయడం నేర్చుకుంటుందేమో అని అడిగావు, మేఘనా. వినికిడి కోర్సులో కొత్తగా చేరినవాళ్ళు చాలామంది అలాగే అనుకుంటారు. మొదటి ఏడాదిలో జరిగేది చాలావరకు తిరగేసి ఉంటుంది. బిడ్డ ఎన్నో తేడాలు పట్టే చెవితో మొదలుపెట్టి, తన ఇంటి భాషకు అక్కర్లేనివాటిని పక్కన పెడుతూ వస్తుంది.

1971లో అమెరికాలో పీటర్ ఐమస్ బృందం నెల, నాలుగు నెలల పిల్లల నోట్లో పాలపీక పెట్టింది. గట్టిగా చప్పరిస్తే ఒక శబ్దం వినపడుతుంది. అదే పదేపదే వింటే విసుగొచ్చి చప్పరింపు తగ్గుతుంది. అప్పుడు బ పోయి ప వస్తే మళ్ళీ జోరందుకుంటుంది. అంతే కొలత తేడా ఉన్న మరో బ వస్తే మాత్రం పెద్దగా పట్టించుకోరు. బ, ప అనడం నోటికి రాకముందే వాటి మధ్య హద్దు చెవికి తెలుసన్నమాట!

జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రచురించిన వ్యాసం మాత్రం గైడు పుస్తకంలో కాదు, మూలంలోనే చదువు. వాళ్ళు వాడిన ధ్వనుల్లో ఒక జత హిందీ త, ట. మనకూ ఉన్న జతే. శబ్దం మారగానే తల తిప్పితే బొమ్మ ఆడుతుందని పిల్లలకు అలవాటు చేశారు. ఇంగ్లిషు ఇళ్ళలో పెరిగే ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లల్లో ఎక్కువమంది ఆ తేడా పట్టారు. పది నుంచి పన్నెండు నెలలవాళ్ళలో పట్టేవాళ్ళు బాగా తగ్గిపోయారు. హిందీ ఇళ్ళ పిల్లలు ఆ వయసులోనూ పట్టారు.

మనమూ ఇందుకు అతీతులం కాము. ఇంగ్లిషులో పడమరకూ లోపల తొడిగే బనీనుకూ ఉన్న మాటలు రెండూ మనకు ‘వెస్ట్’. ఒకదానికి పెదవులు గుండ్రంగా చుట్టాలి, మరోదానికి పైపళ్ళు కింది పెదవికి తగలాలి. తెలుగింట్లో ఆ తేడాతో పని పడలేదు.

‘పది నెలలకు తలుపు మూసుకుపోతుంది’ అని పాఠం చెప్పేవాళ్ళుంటారు. నేనొప్పుకోను. 1985లో వర్కర్, లోగన్ ఇంగ్లిషు పెద్దలకు ఇవే హిందీ ధ్వనులు వినిపించారు. రెంటి మధ్య విరామం ఒకటిన్నర సెకను ఉంటే తేలిపోయారు. అర సెకనో అంతకన్నా తక్కువో ఉంటే తేడా పట్టగలిగారు. చెవి చెడలేదు, ధ్వనులను వర్గాలుగా పేర్చుకునే అలవాటు మారిందంతే. జపాను పెద్దలకు ర, ల తేడాను రకరకాల గొంతులతో సాధన చేయించి నేర్పినవాళ్ళూ ఉన్నారు.

ఫోనులో పాటలు పెడితే భాష వస్తుందా అని తల్లులు నిన్ను అడుగుతారు. 2003లో పట్రీషియా కుల్ బృందం తొమ్మిది నెలల అమెరికా పిల్లలకు చైనా వాళ్ళ మాండరిన్ వినిపించింది. ఎదురుగా మనిషి కూర్చుని ఆడిస్తూ చెబితే ఆ ధ్వనులు పట్టారు. టీవీలో చూపిస్తే లాభం లేకపోయింది.

ధ్వని తెలిసినంత మాత్రాన మాట తెలిసినట్టు కాదు. బి, డి మధ్య తేడా పట్టగల పద్నాలుగు నెలల పిల్లలే, ఆ ఒక్క హల్లు తేడాతో రెండు బొమ్మలకు కొత్త పేర్లు పెడితే తికమకపడ్డారు. పేరునూ వస్తువునూ కలిపి గుర్తుంచుకోవడానికే శక్తంతా ఖర్చయిపోతుంది. ఇంకొన్ని నెలలకు ఆ చిక్కు తీరుతుంది.

బడి వయసు గురించి సిలబస్‌లో తక్కువ ఉంటుంది కనుక చెబుతున్నాను. ధ్వనుల హద్దులు పన్నెండేళ్ళకు కూడా పెద్దవాళ్ళంత పదునుగా ఉండవు. రొదలో మాట విడదీసుకోవడం ఇంకా ఆలస్యం. చుట్టూ వేరేవాళ్ళు మాట్లాడుతుంటే టీనేజీ దాకా కష్టమే. ఫ్యాను శబ్దం, పక్క సెక్షను గోల మధ్య టీచరు మాట మనకు వినపడిందంటే రెండో తరగతి పిల్లకూ వినపడిందని కాదు. అలాంటి పిల్లను ‘ధ్యాస లేదు’ అని నీ దగ్గరికి తీసుకొస్తారు. ముందు వినికిడి చూడు, తరువాత ఆ తరగతి గది గురించి అడుగు.

పెద్దవాళ్ళది ఇంకో చిక్కు. వయసుతో హెచ్చు స్థాయి ధ్వనులు ముందు పోతాయి. స, శ లాంటివి జారిపోతాయి. అరవై ఏళ్ళ భాషానుభవం ఆ ఖాళీని పూరిస్తుంది. ‘ఈరోజు మార్కెట్లో చేపలు బాగున్నాయి’ లాంటి వాక్యంలో రెండు హల్లులు వినపడకపోయినా తాతగారు సరిగ్గానే అప్పజెబుతారు, నువ్వు వినికిడి బాగుందని రాసేస్తావు. వాక్యంతో ఆపకు. స, శ, ఫ, త ఉన్న అర్థంలేని అక్షరాలు, నీ పెదవులు కనపడకుండా కాగితం అడ్డుపెట్టుకుని, ఒక్కొక్కటే వినిపించు.