వెబ్‌సైటుకు సర్వరు – ఎన్నిక యెట్లు?

పంచాయతీ వెబ్‌సైటుకు చెల్లించు అద్దె ప్రజాధనము. కావున సభ్యులు ముందుగా అవసరమును తూచి చూడవలెను. పలు వెబ్‌సైటులు పంచుకొను సర్వరు ఉమ్మడి బావి వంటిది. డెడికేటెడ్ సర్వరు, అనగా ఒక్కరికే కేటాయించిన యంత్రము, సొంత బావి వంటిది, ఖర్చు హెచ్చు. తీర్మానములు, జమాఖర్చులు ప్రకటించు చిన్న పంచాయతీకి ఉమ్మడి సర్వరే చాలును. వేలాది మంది ఒకేసారి చూచు వెబ్‌సైటుకే ప్రత్యేక సర్వరు తగును.

అట్టిది తీసికొనునపుడు మూడు సంగతులు విచారింపవలెను.

1. 99.9 శాతము కాలము పనిచేయునన్న హామీలోను ఏడాదికి సుమారు 9 గంటల అంతరాయమునకు తావున్నది.

2. ఒకే సమాచారము రెండు డిస్కులలో నిలిచినను, పొరపాటున చెరిపినది రెండింటను చెరుగును. వేరొకచోట నకలు ఉండవలెను.

3. భద్రతా సవరణల బాధ్యత ఎవరిదో ఒప్పందములో వ్రాయించవలెను.

గ్రామ రికార్డు పోయిన పిమ్మట చింతించుటకన్న ముందే విచారించుట మేలని మా మనవి.