ఆరుగురు జూనియర్ల అక్కకు

చిరంజీవి సుధకు,

మీ హాస్టల్లో నిన్ను మెంటర్‌గా వేశారని అమ్మ చెప్పింది. చాలా సంతోషం. ఏళ్ల తరబడి వార్డెన్‌గా చేసినదాన్ని కదా, నాలుగు మాటలు చెప్పకుండా ఉండలేను.

ర్యాగింగ్ అరికట్టడానికి యూజీసీ 2009లో తెచ్చిన నిబంధనల్లోనే నీ పని ఉంది. ఆరుగురు కొత్తవాళ్లకు ఒక మెంటర్, ఆరుగురు మెంటర్లకు పైన ఇంకొకరు. ఉమ్మడి రాష్ట్రంలో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లోనే వచ్చిందనుకో, కానీ చట్టం తప్పు జరిగాకే కదా పట్టుకునేది. వార్డెన్ హాస్టల్లోనో, బాగా దగ్గరలోనో ఉండాలని, ఏ వేళైనా ఫోన్లో దొరకాలని, ఆ నంబరు పిల్లలందరికీ తెలియాలని కూడా అవే నిబంధనలు చెబుతాయి. నీ ఆరుగురి ఫోన్లలో ఆ నంబరు ఉందో లేదో ఇవాళే చూడు.

ఇక అసలు సంగతి. ఒక పిల్ల దిగులుగా ఉంటే ముందు కనిపెట్టేది మెస్‌లో వడ్డించేవాళ్లు, గదులు ఊడ్చేవాళ్లు, గేటు దగ్గర వాచ్‌మన్. మా మెస్‌లో వడ్డించే ఒకావిడ ఓసారి వచ్చి, "మూలగదిలో అమ్మాయి అందరూ తిని వెళ్లాక వస్తోంది మేడం, రెండు ముద్దల పెరుగన్నం తిని లేచిపోతోంది" అంది. ఆ పిల్లను పిలిచి కూర్చోబెడితే చాలాసేపటికి గానీ నోరు విప్పలేదు. తెలుగు మీడియంలో చదువుకుని వచ్చింది. ల్యాబ్‌లో ఇంగ్లీషులో జవాబు చెప్పబోయి తడబడితే పక్కవాళ్లు నవ్వారట. నలుగురిలో కూర్చోవడానికే భయపడిపోయింది. సీనియర్ ఒకమ్మాయి రోజూ పక్కన కూర్చుని తినడం మొదలుపెట్టాకే తేరుకుంది. వడ్డించే ఆవిడ చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు. అలాంటివాళ్లను వరస కలిపి పిలువు, యోగక్షేమాలు అడుగు. హాస్టల్ మీటింగుల్లో వాళ్లకు కుర్చీ వెయ్యకపోవడం పెద్ద తప్పని నా గట్టి నమ్మకం.

డబ్బు సంగతి పిల్లలు బయటపెట్టరు. డివైడింగ్ మెస్ కదా, నెల ఖర్చంతా తలా ఇంత పడుతుంది. స్కాలర్‌షిప్ ఆలస్యమైతే బకాయి పేరుకుంటుంది. నోటీసు బోర్డు మీద పేరు పడ్డ పిల్ల "ఆకలి లేదక్కా" అంటే నమ్మకు. నీ చేతి డబ్బు ఇవ్వొద్దు, ఆ పిల్ల నీకు మొహం చాటేస్తుంది. వెంటబెట్టుకుని ఆఫీసుకు తీసుకెళ్లు, గడువు కోరుతూ అర్జీ రాయించు.

"ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యక్కా" అంటారు. వెయ్యకు తల్లీ. చనిపోవాలని ఉందన్న మాట ఎవరి నోట వచ్చినా, నవ్వుతూ అన్నా సరే, ఆ పిల్లను ఒంటరిగా వదలకు. అర్ధరాత్రైనా వార్డెన్‌ను లేపు. టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేస్తే ఏ వేళైనా తెలుగులోనే మాట్లాడతారు. విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో, వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థల్లో అర్హతగల కౌన్సెలర్ ఉండాలని ఆదేశించింది. మీ కౌన్సెలర్ ఏ గదిలో, ఏ రోజుల్లో ఉంటారో కనుక్కో. మొదటిసారి నువ్వే వెంట వెళ్లు, గుమ్మం దాకా చాలు.

ఎవరు ఆలస్యంగా వచ్చారో రాసి వార్డెన్‌కు ఇమ్మంటే మాత్రం ఒప్పుకోకు. ఆ లెక్క చూసుకోవడానికి కేర్‌టేకర్ ఉన్నారు. నువ్వు ఆ పుస్తకం పట్టిన మర్నాటి నుంచి నీ తలుపు ఎవరూ తట్టరు.

దసరా సెలవులు దగ్గరపడుతున్నాయి. ఛార్జీలు లేకో, ఇంట్లో పరిస్థితి బాగాలేకో ఊరికి వెళ్లనివాళ్లు ఒకరిద్దరు ఉంటారు. వాళ్లెవరో ముందే తెలుసుకో. మెస్ ఏ రోజు మూస్తారో, ఆ రోజుల్లో వీళ్ల భోజనం ఎలాగో వార్డెన్‌ను ఇప్పుడే అడుగు. ఎవరైనా వస్తానంటే మన ఇంటికి తీసుకురా, అమ్మతో నేను చెబుతాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ