ఒక కుంచె, నాలుగు కళలు

చిత్రలేఖనము, దస్తూరి, పద్యము, సంగీతము పరీక్షకు పనికిరాని చిల్లర విద్యలని మన బాలురు కొందఱు తలంచుచున్నారు. అది సరికాదని చూపుటకు మదనపల్లెలో బోధించిన జేమ్సు కజిన్సు చరిత్రమును మేమిచ్చట వ్రాయుచున్నాము.

ఈయన 1873లో ఐర్లండునందలి బెల్ఫాస్టున జన్మించిన కవి. 1915లో భారతదేశమునకు వచ్చి, పిదప మదనపల్లె కళాశాలకు ప్రిన్సిపాలయ్యెను. 1919లో రవీంద్రుడు అచట విడిసినపుడు ‘జనగణమన’కు స్వరలిపి కూర్చుటలో ఈయన భార్య మార్గరెట్టు తోడ్పడెను. ఆ యేడే కజిన్సు ఆంగ్లకవిత్వము బోధించుటకై టోకియోలోని కెయో విశ్వవిద్యాలయమునకు వెళ్లెను. ఆయనను పిలిపించిన యోనె నోగుచి కవియే కాక, హిరోషిగే మున్నగు చిత్రకారులపై గ్రంథములు వ్రాసినవాడు.

జపానునందు అక్షరము వ్రాయు కుంచెయే చిత్రమును వ్రాయును. ‘హైగా’ యనుదానియందు చిత్రము, హైకూ పద్యము, సొగసైన వ్రాత ఒక్క కాగితముపై కలిసియుండును. ఉరగామి గ్యోకుడో (1745–1820) చిత్రకారుడు, లేఖకుడు, కవి. ఏడు తంత్రుల వాద్యమునందును నిపుణుడు.

కజిన్సు 1923లో ‘ది న్యూ జపాన్’ అను గ్రంథమును ప్రకటించెను. మైసూరు, తిరువాన్కూరు చిత్రశాలల స్థాపనకు తోడ్పడెను. 1956లో మదనపల్లెలోనే కాలధర్మము చెందెను.

మణికొండ విద్యార్థులారా! మీ వ్రేళ్లు మీటలు నొక్కుటకే అలవడుచున్నవి. దినమునకొక పద్యమును కుదురుగా వ్రాయుడు, పాడుడు, దాని భావమును గీయుడు. నాలుగు విద్యలును ఒక్క మనస్సునకే శిక్షణమని మీకే తెలియగలదు.