విత్తనపు కాయను ముందుగా ఏర్పరచుకొనుడి

ధ్యాన భాగములు: కీర్తనలు 126, 2 రాజులు 4:38-41

మన అనంతపురము మెట్టసీమలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే కురియును. నైరుతి మబ్బులను పడమటి కనుమలు అడ్డగించును. ఈశాన్యపు వానలు సముద్రము నుండి మనదాక వచ్చుసరికి సన్నగిల్లును. అయినను అంట్లు కడిగిన నీరు పారుచోట ఒక చిక్కుడు పాదు, ఒక బీర పాదు, గుమ్మమున ఒక శంఖుపుష్పపు తీగె పెంచుకొనుటకు బీదవారికైనను అడ్డులేదు. ఈ నెల ఆ తీగెల విత్తనమును గూర్చి ధ్యానింతము.

మంచి కాయలన్నియు కూరకు పోయి, పందిరి ఎండునాటికి మిగిలిన వంకరకాయ విత్తనమునకు వచ్చుట మన ఇండ్లలో వాడుక. ఇది సరికాదు. వాన తప్పిన యేట కూడ నిలిచి, నిండుగా కాచిన తీగె యేదో దాని విత్తనమే మన నేలకు తగినది. అట్టి తీగెమీద తొలికాపులోనే రెండు మూడు చక్కని కాయలకు రంగుదారము కట్టి, వాటిని కోయవద్దని ఇంటిల్లిపాదికి చెప్పవలెను. ప్రథమఫలము ప్రభువునకు ప్రత్యేకింప నేర్చిన మనకు ఇది క్రొత్త పాఠము కాదు.

చిక్కుడుకాయ తీగెమీదనే ఎండి గింజ గలగలలాడు వరకు ఉంచవలెను. బీరకాయయు అట్లే, ఎండిన కాయనే దూలమునకు వ్రేలాడగట్టినయెడల గింజలు దానిలోనే భద్రముగా నుండును. శంఖుపుష్పపు కాయ ఎండగానే చిట్లి గింజలను దూరముగా చిమ్మును గనుక గోధుమరంగు తిరిగిన వెంటనే కోయవలెను. దాని గింజ పైపొర గట్టిది. నాటుటకు ముందు ఒక రాత్రి నానబెట్టిన మేలు. పూలన్నియు జడలకును ఆరాధన బల్లకును కోసివేసి విత్తనము లేదనుటలో న్యాయము లేదు. మల్లెకు మాత్రము ఈ చింత అక్కరలేదు. కొమ్మను వంచి మట్టిలో పూడ్చిన వేరు దిగును. గింజలను నీడన ఆరబెట్టి, పొడి బూడిద కలిపి, మట్టికుండలో పోసి మూతి కట్టవలెను. యోనాకు నీడనిచ్చిన సొరచెట్టు ఒక రాత్రిలో పెరిగి మరునాడే వాడిపోయెను. మన తీగెలకు ఓపిక కావలెను.

బీర, సొర తీగెల విషయములో ఒక జాగ్రత్త కలదు. కంచెమీద చేదు బీర యున్నయెడల పురుగులు దాని పుప్పొడిని మన పూవునకు చేర్చును. ఈ యేటి కాయ రుచిగానే యుండును. దాని గింజ మొలిచి కాచినప్పుడు చేదు బయటపడును. బీరపూవు సాయంకాలము విచ్చును గనుక, విచ్చకమునుపే పిందెగల ఆడమొగ్గకును ఒక మగమొగ్గకును దారము కట్టి, విచ్చువేళ మగపూవును ఆడపూవునకు తాకించి, మరల గుడ్డ చుట్టినయెడల విత్తనము కలుషితము కాదు. అంగడిలో దొరకు సంకర విత్తనపు కాయల నుండి గింజ తీసినను మరుసటి యేడు అదే కాపు రాదు.

గిల్గాలులో కరవు కాలమున ఒకడు కూరాకులకై పొలమునకు పోయి, ఎరుగక అడవితీగె కాయలను ఒడినిండ తెచ్చి కుండలో తరిగివేసెను. ఆకలిగొన్నవారు చేతికి దొరికినదానిని వండుదురు, వారిని నిందింపలేము. ఎలీషా పిండి వేసి ఆ వంటకమును బాగుచేసెను. మనకట్టి వరము లేదు గనుక ముక్క నాలుకకు తాకించి, చేదైన సొరకాయను వండక పారవేయవలెను. అది ప్రాణాపాయము కలిగించును.

ఇక 126వ కీర్తనలో విత్తువాడు ఏల ఏడ్చుచు పోవుచున్నాడు? గంపలోని గింజ పిల్లలు తినగలిగిన గింజయే గనుక. మెట్టసీమ తల్లులకు ఈ మాట వేరుగా వివరింప నక్కరలేదు. 1941 సెప్టెంబరు నుండి 1944 జనవరి వరకు రష్యాలోని లెనిన్‌గ్రాడ్ పట్టణము ముట్టడిలో నుండగా, అక్కడి విత్తనశాల పనివారిలో పలువురు ఆకలితో మరణించిరి గాని తాము కాపాడు విత్తనములను తినలేదు. వరి విత్తనములను కాచిన ద్మీత్రీ ఇవానోవ్ వారిలో ఒకడు.

బిడ్డల ఆకలి చూచుచు గింజలు దాచుమని మేము ఏ తల్లికిని చెప్పము. చిక్కుడు గింజలను ఉడికించి పెట్టిన తల్లి పాపము చేయలేదు. అయితే మరుసటి యేడు ఆమె పందిరి ఖాళీగా నుండకూడదు. ఆ భారము సంఘముది. ఐగుప్తు కరవులో యోసేపు ప్రజలకు విత్తనములు ఇచ్చెను (ఆది. 47:23). పంట పండుగనాడు ప్రతి కుటుంబము కానుకతోపాటు దారము కట్టిన కాయ నుండి తీసిన గింజలు పిడికెడు తెచ్చినయెడల, స్త్రీల సమాజమువారు ఒక్కొక్క రకమును వేరు మూట కట్టి, ఏ యేటిదో వ్రాసి, మందిరములో ఒక కుండలో ఉంచవచ్చును. ఆషాఢమున తొలివాన పడిన తరువాతి ఆదివారము మూటలు విప్పి, కారణము అడుగక, ఇంట విత్తనము లేనివారికి మొదట పంచవలెను.